పొరుగు మీద కోపం, ఓటరు మీద తూటా

1988 డిసెంబరు 19న శ్రీలంకలో అధ్యక్ష ఎన్నిక జరిగింది. ఆరేళ్ల కిందట ఇదే పదవికి పోటీ జరిగినప్పుడు నూటికి 81 మంది ఓటేసిన దేశం అది. ఈసారి వచ్చినవాళ్లు 55 మంది. అదైనా దేశమంతటి సగటు. దక్షిణాన మాతర, హంబన్‌తోట జిల్లాల్లో మూడో వంతు ఓటర్లు కూడా ఇల్లు కదల్లేదు. మొనరాగల జిల్లాలో ఐదుగురికి ఒక్కరు కూడా రాలేదు. ఓటంటే విసుగు పుట్టి కాదు. ఓటేస్తే చంపుతామని గోడల మీద రాత్రికి రాత్రి కాగితాలు అంటించి పోయారు. ఓటేసినవాడి చిటికెన వేలికి పూసే సిరా వారం రోజులకు గాని చెరగదు. మామూలు రోజుల్లో దొంగ ఓట్లను ఆపే ఆ మరకే ఇప్పుడు హంతకుడికి ఆనవాలు.

ఆ కాగితాలు అంటించింది జనతా విముక్తి పెరమున, అంటే జేవీపీ. దాని సాయుధ విభాగం పేరు దేశప్రేమి జనతా వ్యాపారయ, దేశభక్త ప్రజా ఉద్యమమని అర్థం. వాళ్లు చెప్పిన కారణం ఒక్కటే. దేశం ఉత్తరాన, తూర్పున భారత సైన్యం తిష్ఠ వేసి ఉంది, ఈ ఎన్నిక ఆ ఆక్రమణకు రాజముద్ర వేయడానికే జరుగుతోంది, కాబట్టి ఓటేసినవాడు ద్రోహి. వినడానికి పౌరుషంగానే ఉంటుంది. కానీ 1987-89 మూడేళ్లలో జేవీపీ తుపాకులు ఉత్తరానికి వెళ్లి భారత సైన్యంతో తలపడలేదు. అవి పేలింది సింహళ పల్లెల్లో, సింహళుల మీద. ఊరి పెద్దలు, బస్సు డ్రైవర్లు, అధికార పార్టీ కార్యకర్తలు, ప్రతిపక్ష వామపక్షీయులు, ఎన్నికల విధులకు వెళ్లిన గుమాస్తాలు చనిపోయారు. శ్రీలంక ఎన్నికల హింసను భారత్‌తో పేచీల కథగా చెప్పడం మనకు అలవాటు. వెనక్కి తిరిగి చూస్తే కథ అక్కడ మొదలు కాలేదు. ఎన్నికలను ఎగ్గొట్టిన దగ్గర మొదలైంది. పొరుగుదేశం దానికి నినాదాన్ని ఇచ్చింది.

పెద్ద పొరుగు అంటే ఆ దీవికి ఉన్న జంకు కొత్తది కాదు. చోళుల దండయాత్రలు అక్కడి బౌద్ధ చరిత్ర గ్రంథాల్లో నిన్న మొన్నటి గాయాల్లా కనిపిస్తాయి. ఇందులో మనవాళ్ల పాత్ర కూడా కొంత ఉంది. క్యాండీని 1739 నుంచి 1815 దాకా ఏలిన చివరి నలుగురు రాజులు మదురై నుంచి వచ్చిన నాయక్కర్లు, తెలుగు మూలాలవాళ్లు. బౌద్ధాన్ని ఎంత పోషించినా పరాయివాళ్లన్న మాట వాళ్లను చివరిదాకా విడిచిపెట్టలేదు. స్వాతంత్ర్యం వచ్చీ రాగానే 1948లో చేసిన పౌరసత్వ చట్టం, తేయాకు తోటల్లో పనిచేసే భారత సంతతి తమిళుల్లో అత్యధికులకు పౌరసత్వం లేకుండా చేసింది. అదీ ఈ జంకులోంచి పుట్టిందే. 1960ల్లో జేవీపీ పెట్టిన రోహన విజేవీర తన అనుచరులకు ఐదు పాఠాలు చెప్పేవాడు. అందులో ఒకటి అచ్చంగా ‘భారత విస్తరణవాదం’ మీదే. ఆ తోట కూలీలను కూడా అతను విస్తరణవాదపు చేతి పనిముట్టుగానే చూశాడు. దినమంతా ఆకు తెంపితే పూట గడవని మనుషుల్లో సామ్రాజ్యవాదాన్ని చూడగలగడానికి సిద్ధాంత బలం చాలా కావాలి.

1971 ఏప్రిల్‌లో జేవీపీ తొలి తిరుగుబాటు చేసి ఓడిపోయింది. అప్పటి ప్రధాని సిరిమావో బండారనాయకే అడిగితే భారత్ హెలికాప్టర్లు పంపి సాయం చేసింది. విజేవీర జైలుకు వెళ్లాడు. 1977లో జె.ఆర్. జయవర్ధనే నాయకత్వాన యునైటెడ్ నేషనల్ పార్టీ (యూఎన్పీ) పార్లమెంటులో ఆరింట ఐదు వంతుల సీట్లు గెలిచి అతన్ని విడుదల చేసింది. తర్వాత జేవీపీ బహిరంగ రాజకీయాల్లోకి వచ్చింది. 1982 అక్టోబరు అధ్యక్ష ఎన్నికలో విజేవీర నాలుగు శాతం ఓట్లతో మూడో స్థానంలో నిలిచాడు. తుపాకీ పట్టినవాడు బ్యాలట్ దారికి వచ్చిన అరుదైన సందర్భం అది.

ఆ దారిని మూసింది జయవర్ధనే. అధ్యక్ష ఎన్నిక గెలిచిన రెండు నెలలకే, 1982 డిసెంబరు 22న, పార్లమెంటు గడువును ఎన్నికలు లేకుండా మరో ఆరేళ్లు పొడిగించాలా వద్దా అని ప్రజాభిప్రాయ సేకరణ పెట్టాడు. అవునంటే దీపం గుర్తు, కాదంటే కుండ గుర్తు. అత్యవసర పరిస్థితి నడుమ, ప్రతిపక్ష నాయకులు కొందరు నిర్బంధంలో ఉండగా, సుమారు 54.7 శాతం ఓట్లతో దీపం గెలిచింది. అన్యాయం ఒక్క పార్టీదే అనలేం. 1972 రాజ్యాంగం పేరుతో సిరిమావో కూడా తన ప్రభుత్వానికి రెండేళ్లు అదనంగా కలుపుకొన్నారు. కానీ జయవర్ధనే చేసిన పనితో ఒక తరం యువకులు పార్లమెంటుకు ఓటేయకుండానే పాతికేళ్లు దాటారు. 1977 జులై తర్వాత మళ్లీ సాధారణ ఎన్నిక 1989 ఫిబ్రవరిలో జరిగింది. మధ్యలో పదకొండున్నరేళ్లు.

ఉత్తరాన హింస అంతకు ముందే మొదలైంది, అదీ ఎన్నికల సమయంలోనే. 1981 జూన్ 4న జిల్లా అభివృద్ధి మండళ్లకు ఎన్నికలు. ప్రచారం సాగుతుండగా మే నెలలో జాఫ్నాలో యూఎన్పీ అభ్యర్థిని కాల్చి చంపారు. మే 31న ఒక ఎన్నికల సభ దగ్గర పోలీసులు హతమయ్యారు. ఆ రాత్రి నుంచి పోలీసు బలగాలు జాఫ్నా మీద విరుచుకుపడ్డాయి. ప్రజా గ్రంథాలయం తగలబడింది. సుమారు 97 వేల పుస్తకాలు, తాళపత్రాలు బూడిదయ్యాయి. ఒక చిన్న స్థానిక ఎన్నిక కోసం కొలంబో నుంచి మంత్రులు దిగి ఉండగానే ఇది జరిగింది. తమిళ యువకులకు ఓటు పెట్టె మీద మిగిలి ఉన్న కాస్త నమ్మకం ఆ మంటల్లో పోయిందంటే అతిశయోక్తి కాదు.

1983 జులైలో జాఫ్నా దగ్గర 13 మంది సైనికులను తమిళ సాయుధ సంస్థ ఎల్టీటీఈ చంపింది. కొలంబోలో తమిళుల ఊచకోత జరిగింది. అప్పటి విదేశాంగ మంత్రి పి.వి. నరసింహారావును ఇందిరాగాంధీ హుటాహుటిన కొలంబోకు పంపారు. ఈ కథలో ఆయన పేరు మళ్లీ వస్తుంది. జయవర్ధనే ప్రభుత్వం ఆ అల్లర్ల నింద ఆధారాలు చూపకుండా జేవీపీ మీద వేసి ఆ పార్టీని నిషేధించింది. ఏడాది కూడా కాలేదు, అధ్యక్ష పదవికి చట్టబద్ధంగా పోటీ చేసిన మనిషి అజ్ఞాతంలోకి వెళ్లిపోయాడు. గడ్డం గీసుకుని, పేరు మార్చుకుని, ఉలపనే అనే కొండ ఊళ్లో తోట యజమానిగా కుటుంబంతో కాపురం పెట్టాడు. ఇరుగుపొరుగుకు అతను అత్తనాయకే.

భారత్ నిష్కళంకమని చెప్పడానికి లేదు. తమిళ సాయుధ బృందాలకు భారత గడ్డ మీద శిక్షణ ఇచ్చిందీ, మధ్యవర్తిగా కూర్చున్నదీ ఒకే ప్రభుత్వం. 1987 జూన్ 4న మిరాజ్ యుద్ధ విమానాల కాపలాతో రవాణా విమానాలు జాఫ్నా మీద సుమారు 25 టన్నుల ఆహారం, మందులు జారవిడిచాయి. పేరు ఆపరేషన్ పూమాలై, పూలమాల. మెడలో పడ్డ ఆ మాల బరువెంతో కొలంబోకు అర్థమైంది. ఎనిమిది వారాలు తిరక్కుండా, జులై 29న, రాజీవ్ గాంధీతో జయవర్ధనే ఒప్పందం మీద సంతకం పెట్టాడు. తమిళ ప్రాంతాలకు రాష్ట్ర మండళ్లు, భారత శాంతి దళం రాక, దాంతోపాటు ట్రింకోమలి ఓడరేవును భారత్ ప్రయోజనాలకు విరుద్ధంగా ఎవరికీ ఇవ్వబోమన్న లేఖలు. కొలంబోలో భారత హైకమిషనర్ జె.ఎన్. దీక్షిత్‌ను పత్రికలవాళ్లు ‘వైస్రాయ్’ అని పిలిచేవారు. ఆ పిలుపులో వెటకారం కంటే ఉక్రోషం ఎక్కువ.

మర్నాడు, జులై 30న, గౌరవ వందనం స్వీకరిస్తున్న రాజీవ్ మీద వరసలో నిలబడిన ఒక నావికుడు తుపాకీ తిరగేసి మడమతో కొట్టాడు. రాజీవ్ ఓరకంట చూసి వంగడంతో దెబ్బ తలకు తగలకుండా తప్పింది. ఆ ఫొటో ప్రపంచమంతా చూసింది. అతిథిగా వచ్చిన ప్రధానిని కొట్టిన ఆ నావికుడు సింహళ వీధుల్లో వీరుడయ్యాడు, తర్వాత అధ్యక్ష క్షమాభిక్షతో బయటికొచ్చాడు. ఒప్పందానికి మంత్రివర్గంలోనే ఏకాభిప్రాయం లేదు. ప్రధాని ప్రేమదాస, భద్రతా మంత్రి లలిత్ అతులత్‌ముదలి ఎదురు తిరిగారు. మంత్రి గామిని దిసనాయకే సమర్థించాడు. ఆగస్టు 18న పార్లమెంటు భవనంలో అధికార పక్ష సమావేశం మీద గ్రెనేడ్లు పడ్డాయి. జయవర్ధనే తప్పించుకున్నాడు, ఒక సభ్యుడు చనిపోయాడు. ఒప్పందాన్ని కాదన్న అతులత్‌ముదలే తీవ్రంగా గాయపడ్డాడు.

అక్కడి నుంచి వరస హత్యలు. డిసెంబరులో యూఎన్పీ ఛైర్మన్, 1988 మేలో ఆ పార్టీ ప్రధాన కార్యదర్శి. మధ్యలో ఫిబ్రవరి 16న విజయ కుమారతుంగ. ఈ మనిషి దగ్గర కాస్త ఆగాలి. సింహళ సినిమాకు మకుటం లేని కథానాయకుడు, సిరిమావో కూతురు చంద్రిక భర్త. అత్తగారి పార్టీని వదిలి సొంత పార్టీ పెట్టుకున్నాడు. 1986లో జాఫ్నాకు వెళ్లి ఎల్టీటీఈ వాళ్లతో మాట్లాడి వచ్చాడు. తమిళులకు అధికారం పంచాలని సింహళ గ్రామాల్లో నిలబడి చెప్పగలిగిన నాయకుడు ఆ రోజుల్లో ఇంకొకరు లేరు. ఒప్పందాన్ని సమర్థించినందుకు అతన్ని కొలంబోలో సొంత ఇంటి ముందే కాల్చి చంపారు. తండ్రి ఎస్.డబ్ల్యు.ఆర్.డి. బండారనాయకే హత్యను 1959లో చూసిన చంద్రిక ఇప్పుడు భర్త హత్యను చూసి, పిల్లలతో లండన్ వెళ్లిపోయింది.

ఒప్పందం తెచ్చిన రాష్ట్ర మండళ్లు దక్షిణాదికీ వచ్చాయి. 1988లో వాటి ఎన్నికలు అక్కడ ఏప్రిల్ నుంచి జూన్ దాకా విడతలుగా జరిగాయి. సిరిమావో పార్టీ బహిష్కరించింది, జేవీపీ చంపింది. ఈ గొడవలోనే ఒక ప్రహసనం. జేవీపీ కాల్పుల విరమణకు ఒప్పుకుందని, విజేవీర సంతకం చేశాడని మేలో ప్రభుత్వం ప్రకటించి నిషేధం ఎత్తేసింది. సంతకం దొంగదని తేలింది. ఎవరో ఒక మోసగాడి మాట నమ్మి ప్రభుత్వమే అభాసుపాలైంది.

అధ్యక్ష ఎన్నిక నాటికి దక్షిణ పల్లెల్లో పగలు ప్రభుత్వానిది, రాత్రి జేవీపీది. చీటీ ముక్క మీద చేతిరాతతో ఆజ్ఞ వచ్చేది. రేపు దుకాణాలు మూయాలి. ఎల్లుండి బస్సులు తిరగరాదు. దీపాలు ఆర్పేయాలి. సంతకం ఉండదు, చిరునామా ఉండదు, అయినా కొలంబో గెజిట్ కంటే దానికే విలువ. ద్రోహి అని ముద్ర వేసి చంపినవాడి శవపేటికను మోకాలి ఎత్తు దాటి మోయకూడదు. భుజాల మీద మోసుకెళ్లడం చనిపోయినవాడికి ఇచ్చే చివరి మర్యాద. దాన్ని కూడా నిషేధించారు. కొడుకు శవాన్ని నడుములు వంచి, చేతులు వేలాడదీసి, నేలకు ఆనీ ఆనకుండా మోసుకెళ్లాల్సి వచ్చిన ఇళ్లలో ఆ జ్ఞాపకం ఇంకా ఉంది. భారత వస్తువులు అమ్మరాదని మరో ఆజ్ఞ. ఆ దెబ్బ న్యూఢిల్లీకి తగల్లేదు, మందుల దుకాణంలో భారతీయ మాత్రల కోసం వచ్చిన రోగికి తగిలింది.

ప్రభుత్వం చేతులు కట్టుకుని కూర్చోలేదు. పేరూ ఊరూ లేని హంతక దళాలు పుట్టుకొచ్చాయి. కొన్ని ఆకుపచ్చ పులులమన్నాయి, కొన్ని నల్ల పిల్లులమన్నాయి. వాళ్లు తీసుకుపోయిన కుర్రాళ్లు రోడ్డు పక్కన కాలుతున్న టైర్ల మీద తేలేవారు. ఓటేస్తే జేవీపీ చంపుతుంది, వేయకపోతే జేవీపీవాడివా అని వీళ్లు చంపుతారు. కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం.

పోటీలో ముగ్గురు. భారత సైన్యాన్ని పంపించేస్తానన్నాడు ప్రేమదాస. ఒప్పందాన్నే రద్దు చేస్తానన్నారు సిరిమావో. ఒప్పందానికి సానుకూలంగా నిలిచినవాడు విజయ కుమారతుంగ పార్టీకి చెందిన ఓసీ అబేగుణశేఖర, వచ్చినవి నాలుగున్నర శాతం. భారత్‌ను వ్యతిరేకించడంలో ఇద్దరు ప్రధాన అభ్యర్థులకూ తేడా లేనప్పుడు, భారత్‌ను వ్యతిరేకిస్తూ ఓటర్లను చంపడం దేనికి? విజేవీరకు కావలసింది సైన్యం వెనక్కి పోవడం కాదు, రాజ్యం కూలడం. పరాయి సైన్యం వెళ్లిపోతే ఆ నినాదం పోతుంది. ప్రేమదాస 50.43 శాతంతో గట్టెక్కాడు. సిరిమావోకు సుమారు 45 శాతం. తేడా దాదాపు 2 లక్షల 80 వేల ఓట్లు. హింస వల్ల తన ఓట్లు పడలేదని ఆమె కోర్టుకెక్కారు, 1992లో ఆ పిటిషన్ వీగిపోయింది. ఆమె కంచుకోటల్లాంటి దక్షిణ జిల్లాల్లో పోలింగ్ అంత తక్కువగా జరిగింది మరి. జేవీపీ బెదిరింపుతో లాభపడింది జేవీపీ ద్వేషించిన యూఎన్పీయేనని నా అంచనా.

గెలిచిన ప్రేమదాస అత్యవసర పరిస్థితి ఎత్తేశాడు, వందల మంది ఖైదీలను వదిలాడు, చర్చలకు రమ్మన్నాడు. జేవీపీ రాలేదు. 1989 ఫిబ్రవరి 15న సాధారణ ఎన్నిక కూడా రక్తంలోనే జరిగింది. జూన్ 1న ప్రేమదాస జులై 29 కల్లా భారత సైన్యం వెళ్లిపోవాలని గడువు పెట్టాడు. అవతల విదేశాంగ మంత్రిగా మళ్లీ పి.వి. నరసింహారావే. ఆ వేసవిలోనే ప్రేమదాస ప్రభుత్వం భారత సైన్యం మీద పోరాడమని ఎల్టీటీఈకి ఆయుధాలు అందించింది. ఆ చేత్తోనే దక్షిణాన జేవీపీని నరికింది. సైనికుల కుటుంబాలను చంపుతామని ఆగస్టులో జేవీపీ ప్రకటించాక సైన్యంలో ఉన్న కాస్త తటపటాయింపు కూడా పోయింది. నవంబరు 12న ఉలపనేలో అత్తనాయకే దొరికాడు. మర్నాటికి విజేవీర శవమయ్యాడు. చనిపోయినవాళ్లు, మాయమైనవాళ్లు 30 వేలని కొందరు, 60 వేలని కొందరు అంచనా కట్టారు. ఆ రోజుల్లో తప్పిపోయిన పిల్లల ఫొటోలు పట్టుకున్న తల్లుల తరఫున నిలబడి, ఆధారాలతో జెనీవాకు బయల్దేరి, విమానాశ్రయంలో పోలీసులకు పత్రాలు పోగొట్టుకున్న యువ ఎంపీ ఒకరున్నారు. పేరు మహింద రాజపక్స. చరిత్రకు హాస్యప్రియత్వం ఎక్కువ.

భారత శాంతి దళం చివరి బృందం 1990 మార్చి 24న ట్రింకోమలి నుంచి ఓడెక్కింది. సుమారు 1,200 మంది భారత సైనికులు తిరిగి రాలేదు. వాళ్లను చంపింది ఎల్టీటీఈ. శత్రువు వెళ్లిపోయాక ఆ ఆయుధాలు మళ్లీ కొలంబో వైపు తిరిగాయి, సముద్రం కూడా దాటాయి.

1991 మే 21న రాజీవ్ గాంధీ ఎన్నికల ప్రచారం ముగించుకుని సాయంత్రం విశాఖపట్నంలో విమానం ఎక్కబోతే సాంకేతిక లోపం ఎదురైంది. రాత్రికి అక్కడే ఆగుదామనుకున్నారు. లోపం సరైందని కబురొచ్చింది. మద్రాసు వెళ్లారు, అక్కడి నుంచి కారులో శ్రీపెరంబుదూరు. రాత్రి పది దాటాక గంధపు దండతో వచ్చిన ఆత్మాహుతి బాంబు ఆయన్ను చంపింది. దీవిలో మొదలైన ఎన్నికల హత్యల వరస మన ఎన్నికల్లోకి వచ్చింది. మిగిలిన పోలింగ్ జూన్‌కు వాయిదా పడింది. ఆ ఎన్నికల్లో పోటీయే చేయకుండా రాజకీయాల నుంచి తప్పుకోబోతున్న పి.వి. నరసింహారావు జూన్ 21న ప్రధాని అయ్యారు. నవంబరులో నంద్యాల ఉప ఎన్నికలో నిలబడితే, తెలుగువాడు ప్రధాని అయ్యాడని ఎన్.టి. రామారావు తెలుగుదేశం అభ్యర్థిని పెట్టలేదు. మెజారిటీ ఐదు లక్షలు దాటింది. ఈ సంగతి మనం గర్వంగా చెప్పుకుంటాం గానీ, దాని వెనక ఉన్న దారి కొలంబో నుంచి వచ్చిందని గుర్తు చేసుకోం.

ఒప్పందం నాటి పాత్రల్లో కొందరు ఒక్కొక్కరే రాలిపోయారు, ఎన్నికల కాలంలోనో జనం మధ్యనో. అతులత్‌ముదలి 1993 ఏప్రిల్ 23న రాష్ట్ర మండలి ఎన్నికల సభలో మాట్లాడుతూ కాల్పులకు బలయ్యాడు. ఎనిమిది రోజులకే మేడే ఊరేగింపులో ప్రేమదాసను ఎల్టీటీఈ ఆత్మాహుతి బాంబు పేల్చి చంపింది. 1994 అక్టోబరులో అధ్యక్ష అభ్యర్థి గామిని దిసనాయకే ప్రచార సభలో అదే విధంగా పోయాడు. ఆ సభలోనే చనిపోయిన యాభై మందికి పైగా జనంలో ఓసీ అబేగుణశేఖర కూడా ఉన్నాడు. 1988 పోటీలో ముగ్గురుంటే ఇద్దరు అలా ముగిశారు. ఆ ఎన్నికలో 62 శాతంతో గెలిచింది లండన్ నుంచి తిరిగొచ్చిన చంద్రిక. 1999లో పోలింగుకు మూడు రోజుల ముందు కొలంబో టౌన్‌హాల్ సభలో బాంబు పేలి ఆమె ఒక కన్ను పోయింది. డిసెంబరు 21 పోలింగులో గెలిచింది.

2005లో అధ్యక్ష ఎన్నికను బహిష్కరించమన్నది ఎల్టీటీఈ. జాఫ్నాలో పోలింగ్ 1.2 శాతం. దక్షిణాన 1988లో జేవీపీ చేసిన పనినే ఉత్తరాన వీళ్లు ఇంకా పకడ్బందీగా చేశారు. మహింద రాజపక్స లక్షా 80 వేల చిల్లర ఓట్లతో గెలిచాడు. నాలుగేళ్లలో ఎల్టీటీఈని తుడిచిపెట్టాడు. బహిష్కరణ ఎవరి గొంతు కోసిందో వేరే చెప్పాలా?

తర్వాతి ఎన్నికల్లో పొరుగు పేచీ ఉంది గానీ రంగు మారింది. 2014లో చైనా జలాంతర్గాములు కొలంబోలో ఆగడం ఢిల్లీకి మింగుడుపడలేదు. 2015 జనవరిలో ఓడిపోయిన రాజపక్స భారత గూఢచార సంస్థను తప్పుపట్టాడు. ఓటర్ల మీద తూటాలు మాత్రం 1988 నాటిలా పేలలేదు.

2024 సెప్టెంబరులో అధ్యక్షుడైన అనుర కుమార దిసనాయకే 1987లో జేవీపీలో చేరిన మనిషి. ఎనభైల హత్యలకు 2014లో క్షమాపణ చెప్పాడు. ఎన్నిక ప్రశాంతంగా జరిగింది. నవంబరులో అతని కూటమికి 225లో 159 సీట్లు వచ్చాయి, జాఫ్నా జిల్లాలో కూడా మొదటి స్థానం దానిదే. తొలి విదేశీ పర్యటనకు ఢిల్లీ వెళ్లాడు. 2025 ఏప్రిల్‌లో మోదీ కొలంబో వచ్చినప్పుడు భారత్‌తో రక్షణ సహకార పత్రం మీద సంతకాలయ్యాయి. విజేవీర ఐదు పాఠాల్లో ఒకదాన్ని పార్టీ నిశ్శబ్దంగా సిలబస్ నుంచి తీసేసింది.

ఆ పర్యటనలోనే మోదీ రాష్ట్ర మండళ్లకు ఎన్నికలు జరపమని కోరారు. 1987 ఒప్పందం పుట్టించిన మండళ్లవి. వాటికి ఓటేస్తే చంపుతామన్న పార్టీ ఇప్పుడు ప్రభుత్వంలో ఉంది. 2014 తర్వాత వాటిలో దేనికీ ఎన్నిక జరగలేదు. నియోజకవర్గాల విభజన తేలాలని ఒక ప్రభుత్వం తర్వాత ఒకటి చెబుతూ వచ్చింది, దిసనాయకే ప్రభుత్వం చెప్పేదీ అదే. మండళ్లను గవర్నర్లు నడుపుతున్నారు.